ఏడాది దాటిన దుఃఖం జబ్బేనా?

ఎండుటాకు
మా ఆయన పోయి 19 నెలలైంది. మొన్న మా అమ్మాయి ఒక వ్యాసం పంపింది. అమెరికాలోని మానసిక వైద్యుల సంఘం తమ రోగనిర్ధారణ పుస్తకాన్ని 2022 మార్చిలో సవరించి, అందులో కొత్తగా ఒక జబ్బు చేర్చిందట. మనిషి పోయి ఏడాది దాటినా దుఃఖం అదే తీవ్రతతో ఉంటే అది రుగ్మత కిందికి వస్తుందట. వ్యాసం కింద మా అమ్మాయి ఒక్క వాక్యం రాసింది: "అమ్మా, ఒకసారి చూపించుకుందాం."

నేను ఉద్యోగానికి వెళ్తున్నాను. ఇల్లు చూసుకుంటున్నాను. బిల్లులు కడుతున్నాను. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగినవన్నీ ఆయనకు చెప్పుకుంటాను, మనసులో కాదు, పైకే. ఆయన కళ్ళజోడు ఆయన పెట్టిన చోటే ఉంది. తీయబుద్ధి కాదు. 364వ రోజు దాకా ప్రేమ అనిపించుకున్నది 366వ రోజుకల్లా జబ్బెలా అయిపోతుంది? 31 ఏళ్ళు కలిసి బతికిన మనిషి కోసం ఎన్నాళ్ళు ఏడవాలో లెక్క కట్టడానికి వీళ్ళెవరు? మీరేమంటారో చెప్పండి.

వానచుక్క
నాకు నాలుగేళ్ళు. ఇంకా నిన్ననే జరిగినట్టుంది.

గడియారం
ముందు ఒక సవరణ. ఏడాది అన్నది అమెరికా పుస్తకం మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టిక 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. అందులో గడువు 6 నెలలే.

రెండోది, గడువు దాటినంత మాత్రాన జబ్బు అని ఎవరూ అనలేదు. పోయిన మనిషి మీద తీరని బెంగ గానీ, ఎప్పుడూ అదే ధ్యాస గానీ ఉండాలి. అమెరికా పుస్తకం ప్రకారం దానికి తోడు 8 లక్షణాల్లో కనీసం 3 ఉండాలి. నాలో ఒక భాగం పోయిందనిపించడం, జరిగింది నమ్మలేకపోవడం, గుర్తుచేసే వాటి నుంచి తప్పించుకు తిరగడం, భరించలేని బాధ, మనుషుల్లో మళ్ళీ కలవలేకపోవడం, మనసు మొద్దుబారడం, బతుక్కి అర్థం లేదనిపించడం, తీవ్రమైన ఒంటరితనం. ఇవి కనీసం చివరి నెలంతా దాదాపు ప్రతిరోజూ ఉండాలి. ఆ మనిషి పెరిగిన సమాజంలో మామూలు అనుకునేదాన్ని కూడా దాటి ఉండాలి. మీ వ్యాసంలో ఇవన్నీ రాశారా?

ఎండుటాకు
రాశారు. ఆ ఎనిమిదిలో నాకు ఐదున్నాయి. 31 ఏళ్ళ అలవాటు తెగిపోతే ఆ ఐదూ ఉండకుండా ఎలా ఉంటాయి? పైగా ఒకరు 6 నెలలంటారు, ఇంకొకరు 12 అంటారు. ఎముక విరిగిందో లేదో చెప్పడానికి రెండు గడువులుండవు. దీనికి ఉన్నాయంటేనే తెలుస్తోంది కదా, ఎవరికి తోచిన గీత వాళ్ళు గీశారని.

గడియారం
బీపీకీ గీత గీసింది మనుషులే. 2017లో అమెరికా గుండె వైద్యులు దాన్ని 140 నుంచి 130కి దించారు. అంతమాత్రాన బీపీ అనేదే లేదంటామా? నన్నడిగితే 6 నెలలే సరైనది. ముందుగా గుర్తిస్తే ముందుగా సాయం దొరుకుతుంది.

ఎండుటాకు
బీపీ చూడ్డానికి మిషనుంది. నాకు ఏ మిషను పెడతారు?

పాతకలం
ఫ్రాయిడ్ 1917లోనే అన్నాడు, దుఃఖం మనిషిని మామూలు బతుకు నుంచి ఎంత దూరం లాక్కెళ్ళినా దాన్ని రోగం అనుకోం, వైద్యుడి దగ్గరికి పంపాలని మనకు తోచదు అని. కొన్నాళ్ళకు మనసు పోయినవాళ్ళను వదిలేసి తేలికపడుతుందని కూడా అప్పట్లో నమ్మాడు. 1920లో ఆయన కూతురు సోఫీ ఇన్‌ఫ్లుయెంజాతో పోయింది. తొమ్మిదేళ్ళ తర్వాత, కొడుకును పోగొట్టుకున్న ఒక స్నేహితుడికి ఉత్తరం రాస్తూ, ఈ లోటు ఎప్పటికీ పూడదు, పూడకపోవడమే మంచిది, వదులుకోలేని ప్రేమ మిగిలేది అలాగే అన్న అర్థంలో రాశాడు. మనసు గురించి అంత రాసిన మనిషే తొమ్మిదేళ్ళ తర్వాత కూడా తేరుకోలేకపోయాడు. ఇక 12 నెలలేమిటి?

కొత్తగాచేరాను
దుఃఖానికి ఐదు దశలుంటాయి కదా. చివరిది అంగీకారం. అక్కడిదాకా రాలేదంటే ఎక్కడో ఆగిపోయినట్టే.

నీలిసిరా
ఆ ఐదు దశలు 1969లో ఎలిజబెత్ కూబ్లర్ రాస్ చెప్పినవి. ఆమె మాట్లాడింది ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్ళతో కాదు, తామే చావుకు దగ్గరైన రోగులతో. తర్వాత జనం వాటిని అందరి దుఃఖానికీ అతికించేశారు. నేను నర్సుని, చివరి రోజుల్లో ఉన్న రోగుల దగ్గర పనిచేస్తాను. వాళ్ళు పోయాక కుటుంబాలకు ఫోన్ చేసి పలకరించడం నా పనిలో భాగం. దశల వారీగా దుఃఖపడ్డవాళ్ళను నేనింతవరకు చూడలేదు. పొద్దున బ్యాంకు కాగితాల మీద సంతకాలు పెట్టి, మధ్యాహ్నం నేల మీద కూలబడి ఏడ్చి, సాయంత్రం పిల్లల చదువు చూసుకున్నవాళ్ళను చూశాను. స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఇదే చెప్పారు. మనిషి ఒకసారి పోగొట్టుకున్నదాని వైపు, ఒకసారి ముందున్న బతుకు వైపు ఊగుతూ ఉంటాడు. ఊగడం బాగానే ఉన్నట్టు లెక్క. ఒకేవైపు ఉండిపోతే చూడాలి.

ఎండుటాకు
నేను ఊగుతూనే ఉన్నాను. గడియారం గారికి చెప్పండి.

గడియారం
చెప్పక్కర్లేదు, చదివాను. పాతకలం గారూ, ఫ్రాయిడ్ ఆ తొమ్మిదేళ్ళూ రాసుకుంటూనే ఉన్నాడు, రోగుల్ని చూస్తూనే ఉన్నాడు. అలా చేయలేనివాళ్ళ సంగతేంటి?

మా అమ్మ పోయాక మా నాన్న గదిలోంచి బయటికి రావడం మానేశారు. మొదట్లో సహజమే అనుకున్నాం. ఆరు నెలలయ్యాక కూడా అనుకున్నాం. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ కాలమే మాన్పుతుందన్నారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే షుగర్ చూశారు, బీపీ చూశారు, నిద్రమాత్ర రాశారు. మీ ఆవిడ ఎలా పోయింది, మీరెలా ఉన్నారు అని ఒక్కళ్ళూ అడగలేదు. రెండున్నరేళ్ళు. బరువు సగమైపోయారు. మూడో ఏడు ఆయనా పోయారు. కాగితం మీద గుండె అని రాశారు. ఆ రోజుల్లో దీనికో పేరుండి ఉంటే, ఎవరో ఒకరు గుర్తుపట్టి ఉంటే, మా నాన్న ఉండేవారేమో. అందుకే 6 నెలలంటున్నాను. పన్నెండు దాకా ఆగమని ఎవరన్నా నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

వీధిదీపం
చదువుతుంటే కళ్ళు చెమర్చాయి, గడియారం గారూ.

ఎండుటాకు
మీ నాన్నగారి విషయానికి నిజంగా బాధపడుతున్నాను. కానీ ఆయనకు జరిగిందాన్ని నా నెత్తిన పెట్టకండి. నేను గదిలో కూర్చోలేదు. అన్నీ చేసుకుంటూ, రాత్రి పావుగంట ఆయనతో మాట్లాడుకుంటే మీరు నన్ను రోగుల పట్టికలోకి ఎక్కిస్తున్నారు.

గడియారం
నేనెక్కించలేదు. ఐదున్నాయని చెప్పింది మీరు. అంతా బాగుంటే మీ అమ్మాయి ఆ వ్యాసం ఎందుకు పంపినట్టు? కన్నకూతురికి మీలో ఏదో కనిపించబట్టే కదా? ఆ అమ్మాయిని ఒక్కసారైనా అడిగారా?

ఎండుటాకు
మీకేం తెలుసు నా కూతురి గురించి? ఆయన పోయిన రెండో నెల నుంచి ఆ పిల్ల ఇంట్లో నాన్న అన్న మాటే ఎత్తలేదు. నేనెత్తితే టీవీ సౌండ్ పెంచుతుంది, లేదా ఫోన్ వచ్చిందని లేచిపోతుంది. వాళ్ళ నాన్న పుట్టినరోజు నాడు ఆయన గురించి రెండు మాటలు చెప్పబోతే, ఇప్పుడెందుకమ్మా అంది. ఇంట్లో వినే మనిషి లేక గోడతో మాట్లాడుతున్నాను. పద్దెనిమిది నెలలు విననిది, పందొమ్మిదో నెలలో వ్యాసం పంపింది. డబ్బు తీసుకుని వినే మనిషిని చూసుకోమని చెప్పడం కాదా ఇది? నా కోపం జబ్బు అన్న మాట మీద కాదు. కూర్చుని వినాల్సినవాళ్ళు వినకుండా, ఇది డాక్టర్లు చూసుకునే వ్యవహారం అని తప్పుకుంటున్నారు. దాని మీద.

సందెవేళ
గడియారం గారు మొదట్లోనే బెంగ అన్నారు. నేను అక్కడే ఆగిపోయాను. దుఃఖం వేరు, బెంగ వేరు. దుఃఖం వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. బెంగ పట్టుకుంటుంది. బెంగపెట్టుకుని మంచం పట్టాడంటాం. అంటే ఇది ఒంటిని కూడా తినేస్తుందని ఏ పుస్తకమూ చెప్పకముందే తెలుసన్నమాట. కానీ బెంగపడ్డ మనిషిని ఎవరూ రోగి అనలేదు. పక్కన కూర్చున్నారు, నోట్లో నాలుగు మెతుకులు పెట్టారు. ఎండుటాకు గారూ, రుగ్మత అనకుండా "నీకు బెంగ పట్టుకుందమ్మా" అని మీ అమ్మాయి అని ఉంటే ఇంత కోపం వచ్చేదా?

ఎండుటాకు
వచ్చేది కాదు. ఏడ్చేదాన్నేమో.

నీలిసిరా
చికిత్స అంటే మర్చిపోవడానికి మాత్రలివ్వడం అనుకుంటున్నట్టున్నారు, అందుకని చెప్తున్నాను. దీనికోసం ప్రత్యేకంగా ఒక థెరపీని తయారుచేసింది కాథరిన్ షియర్ అనే డాక్టర్. సుమారు 16 విడతలు. ఆ మనిషి ఎలా పోయారో మొదటి నుంచి చివరిదాకా పైకి చెప్పిస్తారు, ఒకసారి కాదు, చాలాసార్లు. తర్వాత ఒక విడతలో, పోయినవాళ్ళు ఎదురుగా ఉన్నట్టు ఊహించుకుని వాళ్ళతో మాట్లాడమంటారు, వాళ్ళేమంటారో అదీ మీ నోటితోనే చెప్పమంటారు. 2005లో వచ్చిన ఆమె పరిశోధనలో ఈ పద్ధతిలో 51 శాతం మందికి మేలు కనిపించింది. మామూలు మాటల చికిత్స తీసుకున్నవాళ్ళలో 28 శాతానికి. 2016లో మళ్ళీ చూస్తే, డిప్రెషన్ మాత్ర కలిపినా ఈ బెంగ విషయంలో అదనంగా ఒరిగిందేమీ లేదు. మీరు రాత్రిళ్ళు ఒంటరిగా చేస్తున్న పనిని అక్కడ ఇంకో మనిషి తోడుగా చేయిస్తారు. పోయినవాళ్ళతో మాట్లాడ్డం తప్పని ఎవరూ అనరు.

పాతకలం
ఇది నాకు తెలియదు. మాత్రలే అనుకున్నాను.

గడియారం
నిన్న రాత్రి ఎండుటాకు గారి మాటలు చదివాక నిద్రపట్టలేదు. ఒకటి చెప్పాలి.

డాక్టర్లెవరూ అడగలేదని రాశాను. నిజమే. నేనూ అడగలేదు. నాన్న అమ్మ మాట ఎత్తినప్పుడల్లా నేను క్రికెట్ స్కోరు చెప్పేవాణ్ణి. గుర్తుచేస్తే ఆయన బాధపడతారని చేస్తున్నాననుకున్నాను. కాదు. ఆయన గొంతు వణికితే నేను ఆగలేనని భయం. అమ్మ నాకూ పోయింది. ఆయన ముందు ఏడిస్తే ఇక ఇద్దర్నీ పట్టుకునేవాళ్ళు లేరనిపించేది. కొన్నాళ్ళకు ఆయనే చెప్పడం మానేశారు. గది తలుపు మూసుకున్నది ఆ తర్వాతే.

6 నెలల మాట వెనక్కి తీసుకోను. గుర్తించాలి, పేరుండాలి, వైద్యం ఉండాలి. కానీ మీ అమ్మాయి గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ అమ్మాయికి మీలో కనిపించింది ఏమిటో నాకు తెలియదు. నాకైతే నాన్నలో నేనే కనిపించేవాణ్ణి.

ఎండుటాకు
బాబూ, నువ్వు నా పిల్లల వయసువాడివే అనుకుంటాను, అందుకే ఏకవచనం. నువ్వు స్కోరు చెప్పినందుకు మీ నాన్న పోలేదు. అది మోసుకు తిరగకు.

జబ్బు అన్న మాట నేనిప్పటికీ ఒప్పుకోను. 12 అయినా, 6 అయినా. కానీ పద్దెనిమిది నెలలు ఆ పిల్ల వినలేదనే నా లెక్క. ఆ పద్దెనిమిది నెలల్లో నీ సంగతేంటని నేను దాన్ని ఒక్కసారీ అడగలేదు. నాకు మొగుడు పోయాడనే ఉంది తప్ప, దానికి నాన్న పోయాడని తలకెక్కనే లేదు. టీవీ సౌండ్ ఎందుకు పెంచుతోందో రేపు అడుగుతాను. వ్యాసం సంగతి తర్వాత.

కొత్తగాచేరాను
అయితే చివరికి 6 నెలలా, 12 నెలలా?

గడియారం
పెద్దవాళ్ళకు పట్టికలో 6, అమెరికా పుస్తకంలో 12. పిల్లలకు ఆ పుస్తకంలోనూ 6.

వానచుక్క
నీలిసిరా గారూ, ఆ 16 విడతలు వీడియో కాల్‌లో చేసేవాళ్ళు ఉంటారా? ఇల్లు దాటి వెళ్ళాలంటే నాకు కాళ్ళు రావడం లేదు. నాలుగేళ్ళని పైన చెప్పాను.

నీలిసిరా
చెప్పారు, చదివి కూడా దాటిపోయాను. క్షమించండి. వీడియోలో చేసేవాళ్ళున్నారు, వెతకడానికి నేను సాయం చేస్తాను. మీకు విడిగా మెసేజ్ పెట్టాను, చూడండి. ముందు పోయినవాళ్ళు మీకేమవుతారో, వాళ్ళ పేరేమిటో చెప్పండి.