రూపాయి బిళ్ళలతో మొమెంట్స్ ప్రయోగం: లెక్క ఎందుకు కలవలేదు?

ప్రశ్న:
మాది జిల్లా పరిషత్ హైస్కూల్. నిన్న తొమ్మిదో తరగతి పిల్లలతో బలభ్రామకం (మొమెంట్, అంటే బరువుని ఆధారం నుంచి దాని దూరంతో గుణిస్తే వచ్చేది; రెండువైపులా సమానమైతే స్కేలు నిలుస్తుంది) ప్రయోగం చేయించాను. చెక్క మీటర్ స్కేలు, కింద పెన్సిల్, పైన రూపాయి బిళ్ళలు, అంతే సామాను. ఎడమవైపు 15 సెం.మీ. దూరంలో రెండు బిళ్ళలు, కుడివైపు 10 సెం.మీ. దూరంలో మూడు. రెండు పదిహేనులు ముప్పై, మూడు పదులు ముప్పై. నిలవాలి కదా? ఎడమకి ఒరిగిపోయింది. కుడివైపు బిళ్ళల్ని 12 సెం.మీ. దాటించాకే లేచింది. ఓ పిల్లాడు ‘ఫార్ములా తప్పా టీచర్?’ అన్నాడు. బెల్లు కొట్టారు కాబట్టి బతికిపోయాను. సోమవారం మళ్ళీ చేయించాలి. పొరపాటు ఎక్కడ జరిగిందంటారు?

జవాబు 1:
మేడమ్, ఆ బిళ్ళల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. 2011లో వచ్చిన రకం రూపాయి 3.79 గ్రాములు, 2019లో వచ్చింది 3.09. సైజు కూడా కాస్త చిన్నది. ఎడమవైపు పాతవి, కుడివైపు కొత్తవి పడ్డాయేమో. అదే అయితే 2×3.79×15 = 113.7. దాన్ని మూడు కొత్త బిళ్ళల బరువు 9.27తో భాగిస్తే 12.3 సెం.మీ. వస్తుంది. మీకు వచ్చింది అదేగా!

జవాబు 2:
బిళ్ళల సంగతి సరే, నాకు పెన్సిల్ మీద కూడా అనుమానమే. ఆరు పలకల పెన్సిలైతే స్కేలు ఆ పలక మీద కూర్చుండిపోతుంది, చిన్న తేడాలు కనపడనివ్వదు. నేను స్కేలుని దారంతో వేలాడదీస్తాను. ముందు ఖాళీ స్కేలు ఎక్కడ నిలుస్తుందో చూడండి. మా బళ్ళో ఒకటి అంచు అరిగిపోయి 49.4 దగ్గర నిలుస్తుంది. దూరాలు అక్కణ్ణించే కొలవాలి, 50 నుంచి కాదు. బిళ్ళ దూరం దాని మధ్యకి కొలవాలి. అంచుకి కొలిస్తే సెంటీమీటరు పోతుంది.
అన్నట్టు, ప్రయోగానికి ముందు కావడి గురించి అడగండి. ఒక కుండ బరువైతే భుజం ఎటు జరపాలని. మా పిల్లలు టక్కున చెప్పేశారు.

అడిగినవారు:
సార్, అదే! డబ్బా తీసి చూశాను, ఎడమవైపు పెట్టిన రెండూ కాస్త పెద్దవి. అయినా సోమవారం వాటిని ఏరెయ్యను. అలాగే కలిపి ఇచ్చి, ఎందుకు ఒరిగిందో వాళ్ళనే పట్టుకోమంటాను. కిరాణా కొట్టు కాటా ఒక్క బిళ్ళని లెక్కచెయ్యదు కాబట్టి పాతవి ఇరవై, కొత్తవి ఇరవై విడివిడిగా తూయిస్తాను. కొత్తవి ఇంకా పదకొండు పోగుచెయ్యాలి.