అట్లాంటిక్ దాటాలంటే ఏ విమానం కొనాలె?

హన్మకొండ పోరడు:
అన్నలకు నమస్తే. కంప్యూటర్ మీద విమానం నడిపే ఆట మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌ల ఇన్ని రోజులు ఎయిర్‌బస్ ఎ320 మీద హైదరాబాద్–ఢిల్లీ, హైదరాబాద్–దుబాయ్ నడిపిన. మామునూరుల నిజాం కాలంనాటి రన్‌వే గురించి మా తాత చెప్పంగ ఇని పుట్టిన పిచ్చి ఇది. ఇగ లండన్ నుంచి న్యూయార్క్ పోవాలనుంది. ఆటల పెట్టుకునే ఒక్క విమానానికే పైసలున్నయి. పిఎండిజి కంపెనీ చేసిన బోయింగ్ 777 తీసుకోవాల్నా, ఐనిబిల్డ్స్ వాళ్ల ఎయిర్‌బస్ ఎ350 తీసుకోవాల్నా? లేకపోతే హెడ్‌విండ్ వాళ్ల ఫ్రీ ఎ330నియోతోని నడుస్తదా?

కాజీపేట జంక్షన్:
తమ్మీ, ఫ్రీది చాలు. ఏడు గంటలు ఆటోపైలటే తీస్కపోతది. కింద నీళ్లు, పైన మబ్బులు. దానికి గన్ని పైసలెందుకు? ముందుగాల రెండుసార్లు దాటి చూడు.

గోదావరిఖని 777:
జంక్షనన్నా, ముందుగాల దాటి చూడమన్నది మంచి మాటనే. ఆటోపైలటే తీస్కపోతది అన్నకాడనే నాకు మనసొప్పత లేదు. ఒడ్డు దాటినంక అసలు పని మొదలైతది.

లెక్క చూడున్రి. 777-300ఈఆర్ ట్యాంకులల్ల 1,81,283 లీటర్లు పడుతయి. గంటకు ఏడెనిమిది టన్నులు కాలుతది. ఎదురుగాలి అనుకున్నదానికన్న గట్టిగుండి నలభై నిమిషాలు ఆలస్యమైతే అయిదు టన్నులు ఎగిరిపోయినట్టే. అందుకే దారిల ఒక్కో బిందువుకు, ఒక్కో ఎత్తుకు గాలి ఎంతున్నదో ఎఫ్ఎంసికి (విమానంల దారి, ఇంధనం లెక్క కట్టే కంప్యూటర్‌కు) చెప్పాలె. బరువు తగ్గినకొద్దీ 31,000 అడుగుల నుంచి 35,000కు ఎప్పుడెక్కాల్నో అది గా గాలిని చూసే చెప్తది.

పోయిన ఆయితారం రాత్రి నేను పోయిన. సింబ్రీఫ్ సైట్‌ల కట్టిన ఫ్లైట్ ప్లాను ప్రింట్ తీసి కీబోర్డు పక్కకు పెట్టుకున్న. అట్లాంటిక్ నడుమ 10 డిగ్రీల రేఖాంశానికొక బిందువు. 50 డిగ్రీల ఉత్తరాన అది 386 నాటికల్ మైళ్లు, పడమటికి పోతుంటే 50 నిమిషాల పైనే. ఒక్కో బిందువు దాటంగనే మిగిలిన ఇంధనం పెన్నుతోని రాసిన. 30 డిగ్రీల పడమర కాడ, న్యూయార్క్‌ల దిగేటప్పటికి మిగిలే ఇంధనం లెక్కల కాగితానికి, స్క్రీన్‌కు 1.2 టన్నుల తేడా వచ్చింది. వెనక్కి పోయి చూస్తే ముందున్న ఒక్క బిందువుకు గాలి ఎక్కియ్యలే. ఎక్కిచ్చినంక తేడా 200 కిలోలకు దిగింది. నేను మొదట్ల వాడిన ఒక ఫ్రీ విమానంల గా తేడా ఎందుకొచ్చిందో ఎన్నడు తెల్వకపోయేది.

ఇంకోటి, ఇంజిన్ పోతే వెనక ఐర్లండ్‌ల ఉన్న షానన్‌కు మర్లాల్నా, ముందు కెనడాల ఉన్న గాండర్‌కు పోవాల్నా? రెండిటికి సమాన సమయం పట్టే చోటు దూరానికి నడిమధ్యల ఉండదు, ఎదురుగాలుంటే పడమటికి జరుగుతది. గిది లెక్క కట్టుకొని పోతుంటే ఏడు గంటలు ఎట్ల గడిచినయో తెల్వది. నా ఓటు 777కే.

మంచిర్యాల సింగరేణి:
అన్ని చెప్పిన్రు, కరెంటు సంగతి ఎవ్వరూ అనకపోతిరి. పోయిన ఎండకాలం ఐస్‌లాండ్ కింద ఎక్కడ్నో ఉన్న. అయిదు గంటలైంది. బయట గాలిదుమారం, టప్పున కరెంటు పోయింది. యూపీఎస్ పది నిమిషాలు కీ కీ మని ఒర్రింది, అంతే. పొద్దుగాల కూడ చెయ్యిపెట్ట బుద్ధికాలే. అటెన్క ఎక్స్-ప్లేన్ అనే ఇంకో సిమ్యులేటర్‌కు మారిన, దాంట్ల టోలిస్ వాళ్ల ఎ340-600 కొన్న. అది నడుమ నడుమ తనంతట తనే సేవ్ చేసుకుంటది; ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు. మన దిక్కు పొడుగు ఫ్లైట్లకు నేను ముందుగాల చూసేది గదే.

గోదావరిఖని 777:
సింగరేణన్నా, అది నిజం. నేను ఇన్వర్టర్ మీద నడిపిస్త గనుక గా బాధ నాకు తట్టలే. పిఎండిజిల స్విచ్చుల స్థితి సేవ్ చేసుకోవచ్చు గని, టోలిస్ అంత అలకగ కాదు.

పెద్దపల్లి మేడమ్:
ఎ350ని ఎవరూ పట్టించుకోకపోతిరి. బాబూ, నీకు ఎ320 అలవాటున్నది. పక్కనుండి నడిపే అదే కర్ర (సైడ్‌స్టిక్), అదే ఆలోచన. దారి లెక్కలు ఎక్కిచ్చే చిన్న డబ్బా ఎంసిడియు బదులు పెద్ద స్క్రీన్, కర్సర్ కీబోర్డు ఉంటయి, రెండు రోజుల్ల చెయ్యి కుదురుతది. 777ల అన్నీ కొత్తగ నేర్వాలె. నేను బోయింగ్ నుంచి మొదలుపెట్టిన, అయినా నీకు దాన్ని చెప్పను.

హన్మకొండ పోరడు:
సింగరేణన్నా, సిమ్యులేటర్ మార్చే స్తోమత లేదు, ఇన్వర్టర్ ఉన్నది. మేడమ్, ఈ ఆయితారం ఫ్రీ ఎ330తోనే కాగితం పెట్టుకొని పోత. లెక్క రాసుడు నచ్చితే 777, నచ్చకపోతే ఎ350.

గోదావరిఖని 777:
మంచిది తమ్మీ. 30 పడమర కాడ ఎన్ని కిలోల తేడా వచ్చిందో ఈడ రాయి.