‘డిబ్బుక్’ మొదటి పాట: పడటం లేవడాన్ని మోస్తుందా, లేవడం కోసమే పడటమా?

పాతపుస్తకం: ఆన్‌స్కీ నాటకం ‘డిబ్బుక్’లో (చనిపోయిన ఖోనెన్ ఆత్మ తాను ప్రేమించిన లెయాను ఆవహించే కథ) తెర లేవకముందు, రంగస్థలమంతా కటిక చీకటిగా ఉన్నప్పుడు దూరం నుంచి ఒక పాట వినిపిస్తుంది కదా, అది రెండ్రోజులుగా నన్ను వదలడం లేదు. అంత ఎత్తు నుంచి ఇంత అడుగుకు ఆత్మ దేనివల్ల దిగింది అనే ప్రశ్న దాకా గుర్తుంది. జవాబు దగ్గరే ఆగిపోతున్నాను. “పడటంలోనే లేవడం ఉంది” అనా, “లేవడం కోసమే పడటం” అనా? రెండూ చదివిన గుర్తు. యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) పాఠం చూసినవాళ్లు చెప్పండి.

శబ్దరత్నం: మొదటిదే. “దోస్ ఫాలన్ ట్రోగ్ట్ దోస్ ఓయ్ఫ్‌కుమెన్ ఇన్ జిఖ్.” పడటం తనలో లేవడాన్ని మోస్తుంది. ప్రాణమంతా ‘ట్రోగ్ట్’లో ఉంది. ఆ క్రియకు బరువు మోయడమూ అర్థమే, కడుపుతో ఉండటమూ అర్థమే. “నవమాసాలు మోసి” అనే తెలుగువాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. “ఉంది” అని సరిపెడితే ఆ గర్భం కాస్తా పోయింది.

నేపథ్యం: శబ్దరత్నం గారూ, మీరు మూలంగా తీసుకున్న ఆ యిడ్డిష్ ఎక్కడిదో కూడా చూడాలి. 1918లో రష్యా నుంచి విల్నాకు పారిపోతున్నప్పుడు ఆన్‌స్కీ తన యిడ్డిష్ ప్రతి పోగొట్టుకున్నాడు. మిగిలింది కవి బియాలిక్ చేసిన హీబ్రూ అనువాదం. అది అదే ఏడాది మాస్కోలో ‘హ-తెకుఫా’ పత్రికలో అచ్చయింది. దాన్ని ఎదురుగా పెట్టుకుని తన నాటకాన్ని తనే మళ్లీ యిడ్డిష్ చేసుకున్నాడు. ఆ హీబ్రూలో ఉన్నది “యెరిదా త్సోరెఖ్ అలియా హీ”, దిగడం ఎక్కడం కోసమే. త్సోరెఖ్ అంటే అవసరం, నిమిత్తం. హసీదుల (యూదుల్లో ఒక భక్తిమార్గం వాళ్ల) నోళ్లలో నానిన మాట. కాబట్టి పాతపుస్తకం గారు చదివిన “కోసమే”కీ ఆధారం గట్టిదే.

శబ్దరత్నం: మీరు చెప్పిన కథే నా వాదానికి బలం. ‘త్సోరెఖ్’ కళ్లెదుట ఉండగా ‘ట్రోగ్ట్’ రాశాడంటే కావాలనే రాశాడు. నిమిత్తాన్ని తీసేసి గర్భాన్ని పెట్టాడు.

నేపథ్యం: లేదా పోయిన ప్రతిలో ఏముందో అదే గుర్తుచేసుకుని రాశాడు. అప్పుడు మార్చినవాడు బియాలిక్ అవుతాడు. పైగా ఆయన “ఎత్తు నుంచి అడుగుకు” అనేచోట హీబ్రూ వదిలి యూదుల ధర్మగ్రంథం తాల్ముదులోని, అరమాయిక్ అనే పాత భాష పదబంధం ఎత్తుకున్నాడు: “మె ఇగ్రా రమా, లె బీరా అమీక్తా”, ఎత్తైన మిద్దె మీంచి లోతైన గోతిలోకి. మనవాళ్లు తెలుగు పద్యం మధ్యలో సంస్కృత సమాసం దించినప్పుడు వచ్చే గాంభీర్యమే అక్కడా వస్తుంది. అంత బరువు వేశాక జవాబు శాస్త్రవాక్యంలా ఉంటేనే నప్పుతుంది.

సూత్రం: విభక్తులతో చూస్తే తేలిపోతుంది. ప్రశ్న “మఖ్మెస్ వోస్”, అంటే దేనివలన. పంచమి, కారణం అడుగుతోంది. బియాలిక్ జవాబు “కొఱకు”, చతుర్థి. యిడ్డిష్ జవాబు “తనలో”, సప్తమి. కారణం అడిగితే ఒకరు ప్రయోజనం చెప్పారు, ఒకరు చోటు చెప్పారు. అడిగినదానికి ఇద్దరూ నేరుగా జవాబు చెప్పలేదు.

శబ్దరత్నం: లోన్, లోపలన్ చిన్నయసూరికి షష్ఠి. అందున్, నన్ సప్తమి.

సూత్రం: సూరి పట్టికలో అంతే. అర్థంలో మాత్రం అధికరణం అధికరణమే, అది ఏ గదిలో రాసినా మారదు.

ఏటిగట్టు: ఇంతమందిమి ఉన్నాం, ఏనుగు లక్ష్మణకవిని ఎవరూ తలచుకోలేదేం? “ఆకాశంబుననుండి శంభుని శిరం, బందుండి శీతాద్రి” దగ్గర మొదలై, మెట్టు మెట్టూ దిగి, “పవనాంధోలోకముం జేరె గంగాకూలంకష”. పై నుంచి అడుగుకు ఇంత పొడుగున దిగిన పద్యం మనకు ఇంకోటి లేదు. చివరికి కవి తీర్పు “పెక్కు భంగులు వివేకభ్రష్ట సంపాతముల్”. ఆ పడటం దేన్నీ మోయదు, పడుతూనే ఉంటుంది. ఆన్‌స్కీకి పూర్తిగా ఎదురు.

సూత్రం: ఆ ‘భంగు’లో అల కూడా ఉంది, గమనించారా? భంగమంటే తరంగం. గంగ పద్యంలో ఆ మాట ఊరికే పడలేదు.

శబ్దరత్నం: అది భంగి, భంగం కాదు. విధం అనే అర్థమే. భర్తృహరి “శతముఖః” అన్నదానికి లక్ష్మణకవి వేసిన తెలుగు అది. నన్నడిగితే అసలు చర్చ ఉపసర్గ మీద జరగాలి. మూలంలో “వినిపాతః”, తెలుగులో “సంపాతము”. వి, ని రెండూ కలిసి అడుగంటా పడేస్తాయి. సం వచ్చేసరికి ఆ లోతు తగ్గింది.

ఏటిగట్టు: ఛందస్సు అడిగింది, వేశాడు. ఆ పద్యంలో నడక చూడండి. “అందుండి”, “నుండి”, “నందుండి” అంటూ ఒక్కో మెట్టు మీద కాలు ఆనించి దింపుతాడు. పుష్పగిరి తిమ్మన, ఎలకూచి బాలసరస్వతి కూడా భర్తృహరిని తెలుగు చేసినవాళ్లే. అయినా నోటికొచ్చే పద్యం లక్ష్మణకవిదే.

పాతపుస్తకం: ఏటిగట్టు గారూ, గంగ పాతాళానికి చేరితేనే కదా సగరపుత్రులకు సద్గతి! భగీరథుడి వైపు నుంచి చూస్తే ఆ దిగడం కచ్చితంగా “త్సోరెఖ్”. ఒకే గంగను భర్తృహరి భ్రష్టత్వానికి చూపించాడు, పురాణం ఉద్ధారానికి చూపించింది.

నేపథ్యం: ఈ మాట నాటకం చివరికీ పనికొస్తుంది. పాట రెండుసార్లు వస్తుంది కదా, మొదట్లో ఒకసారి, లెయా ప్రాణం ఖోనెన్‌తో కలిసిపోయాక ఇంకోసారి. మొదటిసారి అది ప్రశ్న. రెండోసారి లెయా చనిపోయి ఉంటుంది, మాటలు మాత్రం అవే. ఆ చావు పడటమా లేవడమా అన్నది ప్రేక్షకుడే తేల్చుకోవాలి. “కోసమే” అంటే నాటకం తీర్పు చెప్పేసినట్టు. “మోస్తుంది” అంటే ఇంకా తేలలేదు. అందుకే యిడ్డిష్ పాఠం నాటకానికి మేలు చేసిందని ఒప్పుకుంటాను. హీబ్రూది పాటకు మేలు.

ఇంకో సంగతి. 1920 నవంబరు 8న ఆన్‌స్కీ పోయాడు. విల్నా ట్రూప్ అనే యిడ్డిష్ నాటక బృందం వార్సాలో మొదటిసారి ఆడింది డిసెంబరు 9న, ముప్ఫై రోజుల సంతాపం ముగిసే వేళకు. రాసినవాడు ఆ నాటకాన్ని ఒక్కసారీ రంగం మీద చూడలేదు. ఆ రాత్రి చీకట్లో ఈ చరణం విన్నవాళ్లకు దిగిపోయిన ఆత్మ ఎవరిదిగా తోచి ఉంటుందో!

మాస్కోలో హబీమా అనే హీబ్రూ నాటక బృందం ఆడింది 1922 జనవరి 31న. దర్శకుడు వఖ్తాంగొవ్‌కు హీబ్రూ రాదు, అప్పటికే జబ్బు ముదిరింది, మే నెలాఖరుకు పోయాడు. అయినా ఆయన బిచ్చగాళ్ల నాట్యం ఫొటోలు చూడండి. మొహాల మీద రంగుతో గీసిన వంకర గీతలు, కొక్కేల్లా వంగిన వేళ్లు. మధ్యలో తెల్లటి పెళ్లిబట్టల్లో, రెండు పొడుగు జడలతో లెయా వేషంలో హన్నా రోవినా. సంగీతం ఎంగెల్‌ది. 1912లో ఆన్‌స్కీ వెంట వొలీనియా, పొదోలియా ఊళ్లు తిరిగి మైనపు సిలిండర్ల మీద జనం పాటలు పట్టినవాడే.

సూత్రం: అయితే మోస్తుందీ కాదు, కోసమూ కాదు. తేటగీతిలో ఒక పాదం కట్టాను:
“పాటు లోపల లేచుట పండియుండు”

శబ్దరత్నం: గణాలు సరిపోయాయి, పా-పం యతి కుదిరింది. ‘పండి’ మాత్రం ఒప్పుకోను. పండటమంటే పని ముగిసిపోవడం. ‘ట్రోగ్ట్’లో కాన్పు ఇంకా కాలేదు.

ఏటిగట్టు: నాకు ‘పాటు’ నచ్చింది. పడటం, కష్టం రెండూ వచ్చాయి. పైగా మా తీరంలో సముద్రం వెనక్కి తీయడాన్నీ ‘పాటు’ అనే అంటారు, ముందుకు రావడం పోటు.

పాతపుస్తకం: అలాగైతే ఆ పోటు రెండో పాదంలో రావాలి. సూత్రం గారూ, మొదలుపెట్టింది మీరే, పూర్తి చేయండి. ‘పండి’ బదులు ఏం పడుతుందో శబ్దరత్నం గారు చెప్పాలి.