కాలేజీ మానేసి ఆన్‌లైన్ డిగ్రీకి మారిపోవచ్చా?

మన్యం పిల్ల:

అందరికీ నమస్కారం. నేను బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ రెండో సంవత్సరం. మాది సాలూరు దగ్గర పల్లె, కాలేజీ విజయనగరంలో. పొద్దున్నే ఏడింటికి బస్సెక్కితే ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది. స్త్రీ శక్తి ఉచిత బస్సు పథకం వచ్చాక టికెట్ ఖర్చు లేదు గానీ టైమ్ మాత్రం పోతూనే ఉంది. అంత దూరం వెళ్తే కొన్ని పేపర్లకు లెక్చరర్ లేరు, నోట్స్ జిరాక్స్ తీసుకోమంటారు. ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్ ముందు ముగ్గురం కూర్చుంటాం.

ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ డిగ్రీ గురించి మా సీనియర్ అక్క చెప్పింది. దానికి జేఈఈ రాయక్కర్లేదు. యూట్యూబ్‌లో కొన్ని క్లాసులు చూశాను. ఇంగ్లిష్‌లో ఉన్నా రెండోసారి వింటే అర్థమవుతోంది. కాలేజీ మానేసి, ఇంట్లో కూర్చుని అదే చదువుకుంటే నయం కదా అనిపిస్తోంది. నాన్న నీ ఇష్టం అన్నారు. అమ్మ అయితే సంతోషపడింది, ఇంట్లో ఉంటే తనకూ సాయంగా ఉంటానని. నా దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉంది. వాన పడితే సిగ్నల్ పోతుంది, మిగతా రోజుల్లో పర్వాలేదు.

ఇలా చదివినవాళ్లు, పాఠాలు చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే లాభనష్టాలు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

లెక్కల టీచర్, గుంటూరు:

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. 2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాక ఫోన్ ముందు కూర్చుని కాలిక్యులస్ చెప్పినదాన్ని. ఆన్‌లైన్ చదువంటే నాకు చిన్నచూపు లేదు. అందులో ఉన్న మంచి ముందు చెబుతాను.

క్లాసులో నోరు విప్పని పిల్లలు నాకు చాలామంది ఉండేవాళ్లు. వెనక బెంచీలో తల దించుకుని కూర్చునే ఒకమ్మాయి, ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక చాట్‌లో నాకొక్కదానికే ప్రశ్నలు పంపేది. ఎంత మంచి ప్రశ్నలో! లిమిట్ డెఫినిషన్‌లో ఎప్సిలాన్ ముందు ఎందుకొస్తుంది, డెల్టా ముందు తీసుకుంటే ఏమవుతుంది అని అడిగింది. అరవై మంది మధ్యలో లేచి నిలబడి ఆ ప్రశ్న ఆమె ఎప్పటికీ అడిగి ఉండేది కాదు. పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి మళ్లీ వినగలగడం కూడా చిన్న విషయం కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు అది పెద్ద వరం. క్లాసులో నేను ఒక్కసారే చెబుతాను, వీడియో ఎన్నిసార్లైనా చెబుతుంది.

నష్టం ఎక్కడంటే, వినడం వేరు, చేయడం వేరు. ఆ రెండేళ్లూ అసైన్‌మెంట్లన్నిటిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని, తిరిగి వచ్చాక బోర్డు దగ్గరకు పిలిచాను. చాక్ పీస్ పట్టుకుని మొదటి లైను రాయలేకపోయారు. వాళ్లు తెలివితక్కువ వాళ్లు కాదు. వేరేవాళ్లు లెక్క చేస్తుంటే చూడటం అలవాటైంది, అంతే. పాఠం నడుస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. నోట్‌బుక్ తీసి, వీడియో ఆపేసి సొంతంగా రాస్తే గానీ ఎక్కడ రాలేదో తెలియదు. క్లాసులో అయితే మీ ముఖాలు చూసి నేనే ఆగేదాన్ని. తెరమీద నాకు కనిపించినవి పేర్లు మాత్రమే.

కానీ నిన్ను ఆపాలనిపించింది ఈ కారణాల వల్ల కాదు. మీ అమ్మగారు అన్న మాట వల్ల.

అమ్మను నేను తప్పుపట్టడం లేదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ చాకిరీ చేసే మనిషి, కూతురు ఇంట్లో ఉంటే కాస్త చేయి అందిస్తుందని ఆశపడటం సహజం. అయితే ఒకటి ఆలోచించు. నువ్వు బ్యాగు వేసుకుని బస్సెక్కితే ఊరంతా పిల్ల చదువుకుంటోంది అంటుంది. అదే పిల్ల ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే ఖాళీగా ఉంది అంటుంది. లాక్‌డౌన్‌లో నా క్లాసులకు వచ్చే అమ్మాయిల మైకులు పొరపాటున ఆన్ అయినప్పుడు వినిపించినవి నాకింకా గుర్తే: కుక్కర్ విజిల్, తమ్ముడి ఏడుపు, "ఆ ఫోన్ పక్కన పెట్టి ఇటు రా" అనే పిలుపు. అబ్బాయిల మైకుల్లో అంతగా వినపడేవి కావు. అదే ఇల్లు, అదే సిగ్నల్, అదే పాఠం. అయినా అమ్మాయికి దొరికే గంట ముక్కలు ముక్కలుగా దొరికేది. కరోనా రెండో వేవ్ తర్వాత కాలేజీ తెరిస్తే కొందరు ఆడపిల్లలు తిరిగి రాలేదు. అడిగితే పెళ్లయిపోయిందన్నారు. ఎలాగూ ఇంట్లోనే ఉంది కదా అని సంబంధం చూసేశారట.

ఎంత బాగా లేకపోయినా కాలేజీ నీకొకటి ఇస్తోంది. రోజులో కొన్ని గంటలు నువ్వు విద్యార్థినివి మాత్రమే. వేరే పని ఎవరూ చెప్పరు. అది వదులుకోవద్దు. పైగా నీకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే, మానేశాక అదీ పోతుంది.

కాలేజీలో ఉంటూనే ఆన్‌లైన్ చదువు కలుపుకో. ముందు ఎన్‌పీటీఈఎల్‌లో ఒక్క కోర్సు తీసుకో. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం అది. చేరడానికి, వినడానికి పైసా కట్టక్కర్లేదు, పరీక్ష రాస్తేనే ఫీజు. ఐఐటీ రోపర్ ప్రొఫెసర్ సుదర్శన్ అయ్యంగార్ చెప్పే "జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్" 12 వారాల కోర్సు, నీకు సరిపోతుంది. వారం వారం అసైన్‌మెంట్ ఉంటుంది. దానికి 25, పరీక్షకు 75 మార్కులు. పరీక్ష సెంటర్‌కు వెళ్లి రాయాలి. ఆ 12 వారాలూ గడువు తప్పకుండా అసైన్‌మెంట్లు పెట్టగలిగితే, అప్పుడు బీఎస్ గురించి ఆలోచించు. ఒకవేళ కుదరకపోతే, కష్టం చదువులో ఉందా, ఇంట్లో టైమ్ దొరక్కపోవడంలో ఉందా అనేది నీకే తెలుస్తుంది.

కరీంనగర్ కామర్స్:

మేడమ్ చెప్పినదానిలో సగం ఒప్పుకుంటాను, సగం ఒప్పుకోలేను. నేను బీకాం చేసి హైదరాబాద్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ చెల్లెలు అడుగుతున్న బీఎస్‌లోనే ఫౌండేషన్ అనే మొదటి లెవెల్ పూర్తి చేసి ఇప్పుడు డిప్లొమా లెవెల్‌లో ఉన్నాను. నా డిగ్రీ కాలేజీలో మూడేళ్లు డిక్టేషన్ తప్ప ఏమీ జరగలేదు. చెప్పేవాళ్లు లేని చోటికి రోజూ ఎందుకు వెళ్లాలి? స్టాటిస్టిక్స్ అంటే ఏంటో నాకు మొదటిసారి అర్థమైంది ఈ ఆన్‌లైన్ పాఠాల్లోనే. ఉద్యోగం మానకుండా, పట్నంలో కోచింగ్‌కు వేలకు వేలు పోయకుండా నాలాంటివాడికి ఆ స్థాయి టీచర్లు ఇంకెక్కడ దొరుకుతారు?

చెల్లెమ్మా, లోపల ఎలా ఉంటుందో చెబుతా. ముందు నాలుగు వారాల పాఠాలు ఇచ్చి క్వాలిఫయర్ పరీక్ష పెడతారు. అందులో పాసైతేనే సీటు. ఫౌండేషన్‌లో ఎనిమిది కోర్సులు: మ్యాథ్స్ రెండు, స్టాట్స్ రెండు, ఇంగ్లిష్ రెండు, కంప్యుటేషనల్ థింకింగ్, పైథాన్. ఏడాదికి మూడు టర్ములు. క్విజ్‌లు, ఎండ్ టర్మ్ సెంటర్‌కు వెళ్లి రాయాలి. ఆన్‌లైన్ కదా, కాపీ కొట్టి పాసవుతారులే అనేవాళ్లకు ఈ సంగతి తెలియదు. మధ్యలో ఆగిపోవాల్సి వచ్చినా, దాటిన లెవెల్‌ను బట్టి సర్టిఫికెట్ గానీ డిప్లొమా గానీ చేతికొస్తుంది. కేటగిరీ, ఇంటి ఆదాయాన్ని బట్టి ఫీజులో 50 శాతం, 75 శాతం తగ్గింపు కూడా ఉంది. కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.

నిజంగా కష్టమైంది ఒంటరితనం. మూడో నాలుగో వారంలో ఒక అసైన్‌మెంట్ వెనకబడుతుంది, అడిగేవాళ్లు ఉండరు, తర్వాతది కూడా పోతుంది. మేము ఐదుగురం తెలుగువాళ్లం వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని రాత్రి తొమ్మిదిన్నరకు కాల్‌లో కూర్చుంటాం. మాట్లాడుకునేది తక్కువ, ఎవరి లెక్కలు వాళ్లు చేసుకుంటాం. అది లేకపోతే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ని కాదు.

నెల్లూరు అక్క:

నేను పెళ్లయి, బాబు పుట్టాక దూరవిద్యలో ఎంఏ చేశాను. మేడమ్ గారి మాట అక్షరాలా నిజం. ఇంట్లో కుదరక శాఖా గ్రంథాలయంలో కూర్చుని చదివాను. నీకూ అలాంటి చోటు ఒకటి ఉండాలి. అమ్మతో గొడవ పడకు. సాయంత్రం వంట నేను చేస్తాను, రాత్రి ఎనిమిది నుంచి పది వరకు నన్ను పిలవొద్దు అని ముందే మాట్లాడుకో. అమ్మలు అర్థం చేసుకుంటారు, చెప్పాలి అంతే.

మన్యం పిల్ల:

మేడమ్, అన్నయ్యా, అక్కా, చాలా థ్యాంక్స్. అమ్మ మాట వెనక ఇంత ఉందని నాకు తోచలేదు. ఈమధ్య మా పెద్దమ్మ వాళ్లు సంబంధాల గురించి మాట్లాడుతున్నారు కూడా. రెండు సందేహాలు. ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చా, తర్వాత ఏదో ఒకటి చెల్లదంటారేమో అని భయం. రెండోది, ఎన్‌పీటీఈఎల్ మార్కులు మా కాలేజీలో లెక్కలోకి వస్తాయా?

లెక్కల టీచర్, గుంటూరు:

చేయొచ్చమ్మా. ఒకటి కాలేజీకి వెళ్లి, ఇంకొకటి ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ ఏకకాలంలో చదవడానికి యూజీసీ 2022 ఏప్రిల్‌లోనే అనుమతి ఇచ్చింది. క్రెడిట్ల విషయానికొస్తే, ఒక సెమిస్టర్‌లో 40 శాతం వరకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్ కోర్సుల ద్వారా తెచ్చుకోవచ్చని 2021 నిబంధన చెబుతోంది. ఎన్‌పీటీఈఎల్ కోర్సులు ఆ పోర్టల్ మీదే నడుస్తాయి. అయితే ఏ కోర్సును ఒప్పుకుంటారో మీ యూనివర్సిటీ నిర్ణయించాలి. చేరే ముందే మీ హెచ్‌ఓడీని కలిసి కోర్సు పేరు రాసి అడుగు. సరే అంటే నోటిమాటగా వదిలేయక కాగితం మీద రాయించుకో. హాజరు 75 శాతం తగ్గకుండా చూసుకో, రీయింబర్స్‌మెంట్ దానిమీదే ఆధారపడి ఉంటుంది.

కరీంనగర్ బాబూ, నువ్వు చెప్పిన గ్రూపు పద్ధతి చాలా బాగుంది. కాకపోతే నీకు జీతం ఉంది, గది ఉంది, తలుపు వేసుకునే వీలుంది. ఈ అమ్మాయికి ఆ మూడూ వచ్చిన రోజున కాలేజీ ఎందుకని నేనూ అడగను.

కరీంనగర్ కామర్స్:

అది నిజమే మేడమ్. చెల్లెమ్మా, ఎన్‌పీటీఈఎల్‌లో జనవరి, జూలైలలో కొత్త కోర్సులు మొదలవుతాయి. మీ క్లాసులో ఇంకో ఇద్దరిని కూడా చేర్పించండి, ల్యాబ్‌లో ఆ ఒక్క సిస్టమ్ ముందు ముగ్గురూ ఒకే అసైన్‌మెంట్ చేయొచ్చు. వీడియోలు కాలేజీ వైఫైలోనో, సిగ్నల్ బాగున్నప్పుడో యూట్యూబ్ యాప్‌లో డౌన్‌లోడ్ పెట్టుకోండి, 360 క్వాలిటీ చాలు. కొన్ని కోర్సుల పాఠాలకు తెలుగు అనువాదం పీడీఎఫ్‌లు కూడా ఉన్నాయి, సైట్‌లో వెతకండి. ఇంకొకటి, కోర్సులో చేరడం వేరు, పరీక్షకు రిజిస్టర్ కావడం వేరు. చాలామంది మొదటిది చేసి రెండోది మర్చిపోతారు. ఎన్‌రోల్ అయిన రోజే పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు ఫోన్‌లో అలారం పెట్టుకోండి.