ఒకే ఇంటి నుంచి నాలుగు పేర్లతో కూపన్లు వేస్తే మోసమా?

కూపన్_కాంతం:
పండగ బట్టలకి ఈసారి 22,000 అయింది. షాపువాళ్లు వెయ్యికొకటి చొప్పున 22 లక్కీ డ్రా కూపన్లు ఇచ్చారు. నా పేరు, మా ఆయనది, అత్తగారిది, పిల్లాడిది పంచి రాసి డబ్బాలో వేస్తుంటే మా ఆడపడుచు “ఇది మోసం వదినా” అనేసింది. వారపత్రికల పదకేళి నింపి పోస్టుకార్డు మీద పంపే రోజుల నుంచీ నాకిదో సరదా. ఇప్పటిదాకా వచ్చింది ఒక మిక్సీ, రెండు కుక్కర్లు, నడవని గోడ గడియారం. దీనికి మోసమంటారా?

గళ్ళరాజు:
మోసం ఎక్కడుందండీ? డబ్బు కట్టారు, కూపన్లు ఇచ్చారు. ఎవరి పేరు రాసినా డబ్బాలో మీ కాగితాలు 22 మాత్రమే. ఫోన్ నంబరు అర్థమయ్యేలా రాసి, సగం చీటీ దాచుకోండి చాలు. సగంమంది అక్కడే పోగొట్టుకుంటారు.

నిక్కచ్చి_నిజామాబాద్:
మరి అవకాశం పెరగనప్పుడు పేర్లు పంచి రాసుడెందుకు అక్కా? ఒకరికి ఒకే బహుమతి అని రూలు ఉంటది, దాన్ని తప్పించుకోనీకే కదా! పదకేళిలో అయితే ఇంకా అన్యాయం. సరైన జవాబులు ఎక్కువ వస్తే లాటరీ తీస్తరు, ఒక్కరే నింపి ఇంటిల్లిపాది పేర్ల మీద నాలుగు కార్డులు పంపితే నిజంగనే నాలుగు రెట్లు అవకాశం, పాపం ఒక్క కార్డు పంపినోడు ఏం కావాలె? మా ఆఫీసులో ఒకాయన ఆన్‌లైన్ క్విజ్ ఆరు సిమ్‌లతో ఆడి, దానికి తెలివి అని పేరు పెట్టుకున్నడు.

లెక్కల_మాస్టారు:
నీతి సంగతి మీరు తేల్చుకోండి, నేను డబ్బు సంగతి చెప్తా. అత్తగారికి ఆదాయం లేదు కాబట్టి ఆవిడ పేరున వస్తే ట్యాక్స్ ఉండదనుకుంటారు చాలామంది. తప్పు. లక్కీ డ్రా బహుమతికి మామూలు మినహాయింపు పరిమితి వర్తించదు, నేరుగా 30 శాతం, పైన సెస్సు. పిల్లాడి పేరున వస్తే అమ్మానాన్నల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ల లెక్కలో కలుస్తుంది. 90,000 బండి వస్తే, సెస్సు సంగతి పక్కన పెట్టినా, 27,000 ట్యాక్స్ కట్టాకే తాళంచెవి చేతికివ్వాలి. కట్టేటప్పుడు ఆ బహుమతి ఎవరి ఆదాయం లెక్కలోకి వస్తుందో వాళ్ల పాన్ ఇచ్చి, ట్యాక్స్ కట్టినట్టు చూపే టీడీఎస్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. ఎవడో వాట్సాప్‌లో “కౌన్ బనేగా కరోడ్‌పతి లాటరీలో 25 లక్షలు, ముందు ఫీజు వేయండి” అంటే మాత్రం బ్లాక్ చేసేయండి, మీరు వేయని కూపన్‌కి బహుమతి ఎలా వస్తుంది?

గళ్ళరాజు:
పదకేళి విషయంలో నిక్కచ్చి గారి మాట ఒప్పుకుంటున్నా. షాపు కూపన్లకి మాత్రం ఒప్పుకోను.

నిక్కచ్చి_నిజామాబాద్:
కూపన్ వెనక ఏం రాసుందో చూసి చెప్పు అక్కా, అప్పుడు మాట్లాడుకుందాం.

కూపన్_కాంతం:
సగం చీటీలు ఇప్పుడే తీసి చూశా, వెనక చీమ తలంత అక్షరాల్లో “ఒక కుటుంబానికి ఒక బహుమతి మాత్రమే” అని ఉంది. డబ్బాలో చెయ్యి పెట్టి వెనక్కి తీయలేను కదా, రెండోది వస్తే వద్దని చెప్పేస్తా అన్నాను. తన పేరున వస్తే మాత్రం ఇచ్చేది లేదని మా అత్తగారు ఇప్పుడే తేల్చి చెప్పేశారు.