తలుపుల, కిటికీల సందులు టేపుతో మూసేయడం మన ఊళ్లకు తగునా?

పటమట వాసి, విజయవాడ:

మా ఫ్లాటు కట్టి పద్దెనిమిదేళ్లయింది. పడకగది తలుపు కింద వేలు దూరేంత సందు ఉంది; బాల్కనీ తలుపుకూ ద్వారబంధానికీ నడుమ పగటిపూట వెలుతురు సన్నని గీతలా కనిపిస్తుంది; రెండు రెక్కల అల్యూమినియం కిటికీ గట్టి గాలి వీచినప్పుడల్లా గడగడలాడుతుంది. రోహిణి కార్తె వచ్చేలోగా ఈ సందులన్నిటినీ రబ్బరు టేపుతో మూసేయాలని నా ఆలోచన. మా నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇల్లన్నాక గాలి ఆడాలని, కృష్ణ ఒడ్డున ఉంటూ సాయంత్రపు గాలిని కాదనుకోవడం తప్పని ఆయన వాదన. మేమిద్దరం ఒక మాట మీదికి రాలేకపోతున్నాం కనుక అనుభవం ఉన్నవారి అభిప్రాయం కోరుతున్నాను.

నా వైపు లెక్క ఇది. తలుపు వెడల్పు 90 సెంటీమీటర్లు, కింది సందు 1 సెంటీమీటరు. అంటే 90 చదరపు సెంటీమీటర్ల ఖాళీ. గోడకు అరచెయ్యి పట్టేంత కన్నం పెట్టి, ఆ గదిలో ఏసీ వేసుకుని పడుకున్నట్టే. మొన్న రాత్రి ఏసీ నడుస్తుండగా అగరుబత్తి వెలిగించి సందుల దగ్గర పట్టి చూశాను. తలుపు అడుగున పొగ నేలను రాసుకుంటూ హాల్లోకి జారిపోయింది. బాల్కనీ తలుపు పై అంచు దగ్గర అదే పొగ గదిలోకి వంగి నా ముఖం మీదికి వచ్చింది. చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి కింది సందు నుంచి బయటికి పోతోంది, ఆ లోటు పూడ్చడానికి వేడిగాలి పై సందు నుంచి లోపలికి దిగుతోంది. రాత్రంతా ఇదే సాగుతుంటే కంప్రెసర్‌కు విశ్రాంతి ఎక్కడ దొరుకుతుంది?

మిర్చి యార్డు దగ్గరి గృహిణి, గుంటూరు:

పటమట వాసి గారూ, మీది కరెంటు లెక్క అయితే మాది ఊపిరి లెక్క. యార్డుకు సరుకు జోరుగా వచ్చే మార్చి, ఏప్రిల్ నెలల్లో మా వీధిలో మిరపకాయల లారీ ఒకటి ఆగినా చాలు, ఘాటు ఇంట్లోకి వచ్చేసి అందరికీ పొలమారుతుంది. మా అత్తగారికి ఉబ్బసం. రెండేళ్ల క్రితం ఆవిడ గదికి కిటికీ రెక్కల అంచున, తలుపుకు మూడు వైపులా రబ్బరు టేపు అంటించి, తలుపు కింద కుచ్చు పట్టీ బిగించాం. ఆ వేసవిలో ఆవిడ అర్ధరాత్రి దగ్గుతూ లేచి కూర్చోవడం బాగా తగ్గింది. మందులూ వాడుతున్నారు కనుక ఇదంతా టేపు చలవేనని అనను. అయితే తెల్లవారేసరికి కిటికీ గట్టు మీద పేరుకునే దుమ్ము మాత్రం నిజంగానే పోయింది. మొన్న పాత టేపు ఊడదీసినప్పుడు చూశాను: బయటి అంచు వెంట ఎర్రటి చార గీసినట్టు ఉంది, లోపలి అంచు కొత్తదానిలా ఉంది. ఆ చారంతా ఆవిడ ఊపిరితిత్తుల్లోకి పోవలసినదే కదా అనిపించింది.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. అదే ఉత్సాహంలో వంటగది తలుపు కింది సందు కూడా మూసేశాను. సిలిండరు తెచ్చిన అబ్బాయి అది చూసి, వెంటనే తీసేయమని మందలించాడు. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. లీకయితే పైకి పోకుండా నేల మీదే పరుచుకుంటుంది, దానికి బయటికి దారి ఆ కింది సందే. దయచేసి వంటగది జోలికి ఎవరూ పోవద్దు.

విశ్రాంత ఇంజినీరు, గుంటూరు:

నేను పటమట వాసి గారి తండ్రిగారి పక్షం. ఏసీ వేసుకుంటే గదిలోకి మంచి గాలి వస్తుందన్న భ్రమ మనలో చాలామందికి ఉంది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు; గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. మీరు ఏ సందులనైతే శత్రువులుగా చూస్తున్నారో, రాత్రిపూట మీకు ప్రాణవాయువు అందేది వాటిగుండానే.

మీరు లెక్క చెప్పారు కనుక నేనూ చెబుతాను. పది అడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో సుమారు 34,000 లీటర్ల గాలి పడుతుంది. నిద్రపోతున్న ఇద్దరు పెద్దవాళ్లు గంటకు ఉజ్జాయింపుగా 25 లీటర్ల బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడును) వదులుతారు. బయటి గాలిలో అది పది లక్షల పాళ్లలో 420 పాళ్ల పైచిలుకు ఉంటుంది. గాలి ఏమాత్రం మారని గదిలో అయితే గంట గంటకూ మరో 700 పాళ్లు కలుస్తూ, మూడు గంటలు గడిచేసరికి 2,500 దాటుతుంది. వెయ్యి దాటితేనే గదిలో ఉక్కగా, మందంగా ఉన్నట్టు తోస్తుంది. ఏ టేపూ గదిని సీసాలా మూయలేదన్నది నిజమే, అయినా ఎంత బాగా మూస్తే అంత దగ్గరగా ఆ స్థితికి చేరుకుంటాం. పొద్దున లేవగానే తల దిమ్ముగా ఉందని చాలామంది అంటుంటారు; నిద్ర చాలలేదనుకుంటారు తప్ప గాలి చాలలేదని అనుకోరు.

మన ప్రాంతం వేడి, తేమ రెండూ ఉన్న మండలం. ఇలాంటి మండలంలో ఇంటి నేల వైశాల్యంలో ఆరో వంతు, అంటే 16.66 శాతం, తెరుచుకునే కిటికీలూ తలుపులూ ఉండాలని ఇళ్లలో ఇంధన పొదుపు కోసం కేంద్ర ప్రభుత్వం 2018లో తెచ్చిన నియమావళి, ఎకో నివాస్ సంహిత, చెబుతోంది. చలిదేశాల్లో ఇల్లంతా బిగించి వెచ్చదనాన్ని కాపాడుకోవడానికి పుట్టిన అలవాటును యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు. స్నానాలగదిలో గ్యాసు గీజరు ఉన్నవారు టేపు మాటే తలపెట్టకూడదు. గాలి చాలక మంట సరిగా మండకపోతే వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది.

భవానీపురం గృహస్థు, విజయవాడ:

ఇంజినీరు గారి మాటలు గౌరవంతో చదివాను. నేను కొలిచి చూసిన ఒక సంగతి చెబుతాను. వేసవి ఎండే కాదు, జూలై, ఆగస్టు నెలల తేమ కూడా మన ఏసీలకు భారమే. బయటి తేమగాలి సందుల్లోంచి వస్తే ఏసీ దాన్ని నీరుగా మార్చి గొట్టం ద్వారా బయటికి వదలాలి. నిరుడు జూలైలో ఆ గొట్టం కింద బకెట్టు పెట్టి, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పడిన నీటిని కొలిచాను. టేపు వేయకముందు తొమ్మిది లీటర్లు, వేసిన తరువాత ఏడు లీటర్లకు కాస్త అటూ ఇటూ. సందులు మూయడం వల్ల ప్రయోజనం ఉందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

విశ్రాంత ఇంజినీరు, గుంటూరు:

కొలిచినందుకు మిమ్మల్ని మనసారా అభినందిస్తున్నాను. అయితే ఆ రెండు రాత్రుల్లో బయటి తేమ ఒకేలా ఉండకపోవచ్చు కనుక కనీసం వారం రోజుల చొప్పున కొలిస్తేనే పోలిక నిలుస్తుంది. మీ అంకెలే తీసుకున్నా, ఒక లీటరు తేమ నీరుగా మారేటప్పుడు కరెంటు లెక్కలో చెబితే 0.68 యూనిట్ల వేడి విడుదలవుతుంది. మంచి ఇన్వర్టరు ఏసీ ఆ వేడిని బయటికి తోయడానికి 0.2 యూనిట్ల కరెంటు తీసుకుంటుంది. రెండు లీటర్లకు రాత్రికి 0.4 యూనిట్లు, వంద రాత్రులకు 40 యూనిట్లు. గాలితో పాటు వచ్చే వేడిని కూడా కలిపితే ఇంకొంత పెరుగుతుంది. ఇది కాదనలేని పొదుపే, కానీ అద్భుతమేమీ కాదు. ఏసీని ఒక డిగ్రీ పెంచి పెట్టుకుంటే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన పెట్టింది కూడా ఇందుకే. పై అంతస్తువారికి శ్లాబు నుంచి, పడమటి గది వారికి గోడ నుంచి దిగే వేడి ముందు తలుపు సందు ఏపాటి? డాబాకు తెల్లటి చలువ పూత వేయించి, పడమటి కిటికీకి బయట వైపు వట్టివేళ్ల తడికో వెదురు చాపో కట్టి, ఆ తరువాత టేపు గురించి ఆలోచించండి.

బెంజ్ సర్కిల్ దగ్గరి అద్దె ఇంటివాడు, విజయవాడ:

రెండు జాతీయ రహదారులు కలిసే చోట ఉంటున్న నాకు ఈ చర్చలో వేడి, తేమ రెండో విషయాలు. గోడ ఎంత మందంగా ఉన్నా, దాని వైశాల్యంలో ఒక్క శాతం ఖాళీ ఉంటే చాలు, 20 డెసిబెళ్లకు మించి శబ్దం తగ్గదు. కిటికీ అంచులు మూసిన రాత్రి మా పాప లారీ హారన్లకు లేవకుండా నిద్రపోయింది. అద్దె ఇంట్లో డాబాకు పూత వేయించే అధికారం నాకు లేదు; టేపు నా చేతిలో ఉన్న పని.

తలుపుల పనివాడు, సింగ్ నగర్, విజయవాడ:

ముప్పయ్యేళ్లుగా ద్వారబంధాలు నిలబెట్టి, తలుపులు బిగిస్తున్నవాడిని. మూయాలా వద్దా అన్నది మీరంతా తేల్చుకోండి. మూసేవారు ఎలా మూయాలో మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే ప్రతి ఏటా వానాకాలంలో ఇలా మూసిన తలుపులను బాగుచేయడానికి నన్నే పిలుస్తారు.

కలప పొడవునా దాదాపు మారదు, వెడల్పునా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. టేకు కొంచెం తక్కువ, వేప, మద్ది ఎక్కువ. మే నెలలో సందు చూసి దానికి సరిపడా మందపు టేపు అంటిస్తే, ఆగస్టులో తలుపు పట్టదు. అప్పుడు ఇంట్లోవాళ్లు భుజంతో నెట్టి మూస్తారు, మడత బందుల మరలు వదులవుతాయి, తలుపు కుంగుతుంది, కుంగిన తలుపు నేలను గీరుతుంది. టేపును తలుపు పక్క అంచుకు కాకుండా, ద్వారబంధంలో తలుపు వచ్చి ఆనుకునే మెట్టు మీద అంటించండి. అక్కడ అది నలుగుతుందే గాని రాసుకోదు, తలుపు వెడల్పు మారినా దానికి బాధ లేదు.

చవకగా దొరికే మెత్తటి స్పాంజి టేపు వద్దు. అది నీళ్లు పీల్చి కలపను తడిగా ఉంచుతుంది, అక్కడ చెక్క పుచ్చుతుంది, చెదలు చేరతాయి. గట్టి రబ్బరుది తీసుకోండి. కోసి చూస్తే కనిపించే ఇంగ్లీషు అక్షరం ఆకారాన్ని బట్టి మూడు మిల్లీమీటర్ల లోపు సందుకు ఇ, ఐదు దాకా పి, అంతకు మించితే డి అని అడగండి. అంటించే చోట దుమ్ము, నూనె లేకుండా స్పిరిట్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, పొద్దున చల్లటి వేళ అంటించండి. తలుపు కింద మాత్రం జిగురుతో అంటించేది నిలవదు, రోజూ నేల కడిగే ఇళ్లలో నెల తిరగకుండానే ఊడుతుంది. అల్యూమినియం పట్టీకి కుచ్చు ఉన్నదాన్ని మరలతో తలుపుకే బిగించండి, గడపకు వద్దు.

జరిపే కిటికీలకు టేపు అవసరమే ఉండదు. రెక్కల అంచున ఉండే మెత్తటి కుచ్చు అరిగిపోవడం వల్లే అవి గడగడలాడతాయి. అల్యూమినియం దుకాణంలో వూల్ పైల్ అని అడిగితే మీటర్ల లెక్కన ఇస్తారు, పాతది లాగేసి కొత్తది గాడిలో ఎక్కించడమే. ఇంకొక్క మాట: కిటికీ కింది పట్టాలో బయటి వైపు చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. చీమలు వస్తున్నాయని, గాలి వస్తోందని వాటిని సిలికాన్‌తో పూడ్చేవాళ్లను చాలామందిని చూశాను. అవి వాననీరు బయటికి పోయే దారులు. అవి మూసిన ఇంట్లో తుపాను వాన పడితే పట్టా నిండి నీళ్లు మంచం కిందికి వస్తాయి.

పటమట వాసి, విజయవాడ:

అందరికీ నా కృతజ్ఞతలు. ఈ చర్చను మా నాన్నగారికి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ఏసీ ఉన్న పడకగది వరకు తలుపు కింద కుచ్చు పట్టీకి, కిటికీకి కొత్త వూల్ పైల్‌కు ఆయన ఒప్పుకున్నారు. తెల్లవారుజామున ఐదింటికి ఏసీ ఆపి, కిటికీ తలుపులు అరగంట బార్లా తెరవాలన్నది ఆయన పెట్టిన షరతు. ఇంజినీరు గారి లెక్క విన్నాక నాకూ అది న్యాయంగానే తోచింది. ఆయన గదికి మాత్రం టేపు వద్దన్నారు, ఆ గది జోలికి నేను పోను. మిగిలింది బాల్కనీ తలుపు. అది వేపది, ఇప్పుడు పై సందు నాలుగు మిల్లీమీటర్లు ఉంది. పనివారు దయచేసి చెప్పండి, దీనికి ఇప్పుడే టేపు వేయవచ్చా?

తలుపుల పనివాడు, సింగ్ నగర్, విజయవాడ:

వేప అయితే ఇప్పుడు వద్దండి. సందు ఎంత ఉందో ఈరోజే ద్వారబంధం మీద పెన్సిలుతో గీత గీసి పెట్టుకోండి. వినాయక చవితి వెళ్లాక ఆ గీత దగ్గరే మళ్లీ కొలిచి రాయండి, ఏ సైజు తీసుకోవాలో అప్పుడు చెబుతాను. అప్పటిదాకా పై అంచు మీద పాత చీర మడత వేలాడదీసుకుంటే సరిపోతుంది.