తక్కువ ధర స్కాచ్‌ని ఆస్వాదించాలా, సోడాలో కలిపేస్తే చాలా?

కోరమంగళ_42: మా తెలుగు మిత్రబృందంలో ప్రతి శనివారం ఇదే వాదన. టీచర్స్, బ్లాక్ అండ్ వైట్ లాంటి బ్లెండెడ్ స్కాచ్‌లను (రకరకాల విస్కీలు కలిపి చేసే స్కాట్లాండ్ విస్కీలను) వాసన చూసి, గుటక గుటకగా రుచి చూడటం దండగ, అవి సోడా కోసమే పుట్టాయని సగం మంది అంటారు. మీరేమంటారు?

జయనగర్_నాలుగో_బ్లాకు: దండగే. వాటిని సీసాల్లో నింపేది మన దేశంలోనే, పైగా పీపాల్లో ఎన్నేళ్లు ఊరిందో ఆ వయసు కూడా రాయరు. అంత శ్రద్ధ పెట్టదలిస్తే మన బెంగళూరు అమృత్ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో చేసే విస్కీ) ఉంది. ఇంకాస్త డబ్బు కూడబెట్టి అదే కొనండి.

బసవనగుడి_బాటసారి: జయనగర్ గారూ, ఇక్కడ నింపినంత మాత్రాన అది స్కాచ్ కాకుండా పోదు. స్కాట్లాండ్‌లోనే తయారై, అక్కడే ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఊరాలన్నది నియమం. ఆ తరువాత బ్లెండ్‌ని ట్యాంకుల్లో తెచ్చి ఇక్కడ నీళ్లు కలిపి నింపవచ్చు. సింగిల్ మాల్ట్‌కే ఆ వెసులుబాటు లేదు. మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యే చవక రకాల్లో చాలావాటికి ఆధారం మొలాసిస్ (చెరకు మడ్డి) స్పిరిట్. వాటినీ వీటినీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇక వయసు. అమృత్ ఫ్యూజన్ సీసా మీద వెతికి చూడండి, దాని మీదా ఉండదు! స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైతే, మన ఊరి వేడికి 10 శాతం పైనే పోతుంది. అందుకే ఇక్కడ విస్కీ త్వరగా పండుతుంది. ఏళ్ల లెక్కతో రుచిని కొలవలేమని మీరు మెచ్చుకునే అమృతే చెబుతోంది. ధరతోనూ కొలవలేం, అందులో పన్నుల వాటా అంత పెద్దది మరి.

టీచర్స్‌నే తీసుకోండి. దానికి ప్రాణం 1898లో కట్టిన ఆర్డ్‌మోర్ డిస్టిలరీ మాల్ట్. పీట్ అనే చిత్తడి నేల మట్టిని కాల్చిన పొగ తగిలిన బార్లీతో చేస్తారు. తాగేశాక గ్లాసు కడగకుండా ఓ అరగంట వదిలేసి వాసన చూడండి. తీపి వాసనలన్నీ పోయి, చల్లారిన పొయ్యి బూడిద వాసన ఒక్కటే అడుగున మిగులుతుంది. ఐసు, సోడా పోసిన గ్లాసులో నాకు అది ఎప్పుడూ దొరకలేదు.

మహదేవపుర_వాసి: నీళ్లు కలపకుండా తాగితే నాకు గొంతు మంట తప్ప ఏమీ తెలియడం లేదు. ఇందులో ఆస్వాదన ఎక్కడుంది?

బసవనగుడి_బాటసారి: కలపకుండా తాగమని ఎవరన్నారండీ? బ్లెండ్ చేసే నిపుణులే విస్కీని 20 శాతం ఆల్కహాల్ దాకా పలచన చేసి వాసన చూస్తారు. మన సీసాల్లో ఉండేది 42.8 శాతం. అంటే విస్కీ ఎంతో నీళ్లూ అంతే పోస్తే సరిపోతుంది. ఐసు వద్దు, చల్లదనానికి వాసన ముడుచుకుపోతుంది. మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే క్యాన్ నీళ్లు వాడండి. మూతి సన్నగా ఉన్న గ్లాసు తీసుకుని, ముక్కు లోపలికి పెట్టేయకుండా అంచు దగ్గర ఆపండి. మంట తగ్గి ముందు తేనె, పచ్చి ఆపిల్, వెనకగా పొగ తెలుస్తాయి.

జయనగర్_నాలుగో_బ్లాకు: వాసన దాకా ఒప్పుకుంటాను. కానీ మింగాక నోట్లో ఏం నిలుస్తుంది? బ్లెండ్‌లో గ్రెయిన్ విస్కీ (గోధుమ, మొక్కజొన్న లాంటి ధాన్యాలతో చేసేది) పాలే ఎక్కువ, రుచి ఇట్టే జారిపోతుంది. మాల్ట్ అయితే చాలాసేపు ఉంటుంది. నా డబ్బు దానికే.

బసవనగుడి_బాటసారి: నిలిచేది తక్కువే, కాదనను. కానీ గ్రెయిన్ విస్కీని తప్పుగా చూడకండి. మాల్ట్ పదును తగ్గించి నున్నగా చేసేది అదే. పదుల కొద్దీ విస్కీలు కలిపి, ఏ ఏడాది కొన్నా అదే రుచి వచ్చేలా నిలబెట్టడం పెద్ద పనితనం. దానికి పది నిమిషాల శ్రద్ధ ఇవ్వడం న్యాయం. కోరమంగళ గారూ, ఈ శనివారం మీ బృందంలో ఒకరు సీసాలు దాచి, మూడు రకాలు నీళ్లతో పోసి ఇవ్వండి. ఎవరికి ఏది నచ్చిందో చీటీల మీద రాయించాకే పేర్లు చెప్పండి. మిరపకాయ బజ్జీలు మాత్రం ఆ తరువాతే బయటికి తీయండి, కారం తగిలిన నాలుకకు ఏదీ తెలియదు.